మొహమున్న గుల్లలు

మైపాడు వెళ్లొచ్చిన కొన్నాళ్లకు కారు డిక్కీ తెరిస్తే గుప్పుమని వాసన కొట్టింది. మా పాప ఒడ్డున ఏరుకున్న గుల్లల కవరు స్టెప్నీ టైరు పక్కన ఉండిపోయింది. వాటిలో కొన్నింట్లో పురుగు ఇంకా బతికే ఉందన్న సంగతి పాపకు తెలియదు. మా ఆవిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. నేను అక్కడే నిలబడ్డాను. కుళ్లిన చేప, తడి ఇసుక, ఉప్పు కలిసిన ఆ వాసన మా మేనత్త పెరట్లో వేపచెట్టు కింద ఏడాది పొడుగునా ఉండేది. అత్త సంవత్సరీకం కూడా అయిపోయింది. ఆవిడ గురించి, ఆవిడ చేసిన బొమ్మల గురించి రాయాలని అప్పట్నించీ మనసులో ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను.

అత్త వాళ్లుండేది ఉలవపాడుకు తూర్పున, బకింగ్‌హాం కాలువ దాటాక, సముద్రం హోరు వినపడే దూరంలో ఉన్న ఒక పాళెం. మాది కందుకూరు. అప్పట్లో రెండూ ప్రకాశం జిల్లా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఆ ప్రాంతమంతా నెల్లూరులో కలిసింది. మామ ఆ పాళెం బళ్లో అయ్యవారు. బడికి వేసవి సెలవులు ఇవ్వగానే నాయన నన్ను ఉలవపాడు బస్సెక్కించేవాడు. దిగేసరికి రోడ్డు పొడుగునా మామిడికాయల గంపలు, గడ్డి పరిచిన లారీలు, తూకాల దగ్గర అరుపులు. మామ సైకిలు వెనక క్యారియరు మీద కూర్చుంటే, ఊరు దాటగానే సరుగుడు తోటలు మొదలయ్యేవి. ఆ తోటల్లో గాలి ఈల వేస్తుంది. సముద్రం ఇంకా కనపడకముందే సముద్రం దగ్గరికి వచ్చామని ఆ ఈల చెప్పేది. ఇసుకలో చక్రం దిగబడిన చోటల్లా దిగి నెట్టుకుంటూ పోయేవాళ్లం.

కాలువ దగ్గర సైకిలుతో సహా పడవెక్కాలి. పడవలో మామ పాఠం చెప్పేవాడు. కరువు రోజుల్లో దీని పని చాలా జరిగిందనీ, 1878లో మద్రాసు గవర్నరు బకింగ్‌హాం ప్రభువు పేరు దీనికి పెట్టారనీ, ఒకప్పుడు ఇటునుంచి ఉప్పూ సరుగుడు కట్టెలూ పడవల్లో మద్రాసు దాకా పోయేవనీ. పడవ నడిపే అతను ప్రతిసారీ మొదటిసారి వింటున్నట్టు తల ఊపేవాడు.

*

పాళెం చివర సున్నపు బట్టీ ఉండేది. అత్త బొమ్మల కథ మొదలయ్యేది అక్కడే.

ఆడవాళ్లు కాలువలో, ఒడ్డున ఏరిన గుల్లల్ని గంపలతో తెచ్చి బట్టీ పక్కన కుప్ప పోసేవాళ్లు. నా ఎత్తుకంటే ఎత్తయిన కుప్ప. దాని మీదికెక్కితే కాళ్ల కింద గలగలమని జారేది. బట్టీలో ఒక వరస బొగ్గు, ఒక వరస గుల్లలు, మళ్లీ బొగ్గు, మళ్లీ గుల్లలు పేర్చి సాయంత్రం నిప్పు పెట్టేవాళ్లు. రాత్రంతా కాలేది. గుల్ల అంటే కాల్షియం కార్బొనేట్ అనీ, సుమారు 900 డిగ్రీల దగ్గర అందులోంచి గాలి పోయి సున్నం మిగులుతుందనీ మామ చెప్పేవాడు. పొద్దున్నే కాలిన గుల్లల మీద నీళ్లు చల్లడం చూడ్డానికి పిలకాయలమంతా పోయేవాళ్లం. ఆకారం చెడకుండా తెల్లగా ఉన్న గుల్ల, నీళ్లు తగలగానే సుయ్‌మని పొగలు కక్కి, పగిలి, పిండయిపోతుంది. దగ్గరికి పోతే కళ్లు మండేవి. సంక్రాంతి ముందు చుట్టుపక్కల ఊళ్ల గోడలన్నిటికీ ఆ సున్నమే. తాంబూలంలోకీ అదే.

నిప్పు పెట్టే రోజు మధ్యాహ్నం అత్త చేట పట్టుకుని బట్టీ దగ్గరికి పోయేది. బట్టీ చూసుకునే ముసలాయన ఆవిడ రావడం చూసి నవ్వేవాడు.

“ఏం అమ్మణ్ణీ, ఇయ్యాల ఎవర్ని కాపాడబోతుండావు?”

“ఎవురు నన్ను చూస్తే వాళ్లనే మామా.”

అత్త కుప్ప ముందు గొంతుక్కూచుని ఒక్కో గుల్లా తీసి, తిప్పి, మళ్లీ తిప్పి, పక్కన పడేసేది. నేను నిగనిగలాడేవి, ఏ మచ్చా లేనివి ఏరి తెచ్చేవాణ్ణి. అవి చాలావరకు కుప్పలోకే తిరిగిపోయేవి. ఆవిడ చేటలోకి వచ్చేవి అంచు విరిగినవి, వంకరపోయినవి, చిల్లు పడ్డవి, ఇంకో జీవి వచ్చి అతుక్కుని బుడిపె కట్టినవి. “ఇది చక్కంగుండాది అల్లుడూ, కానీ ఇందులో ఎవురూ లేరు” అనేది నా చేతిలో గుల్లను చూసి. విరిగినదాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని, “ఈ ముసిల్దానికి పళ్లు లేవు, చూడు” అనేది. చూస్తే నిజంగానే లోపలికి పోయిన బోసినోరు కనపడేది. ఆవిడ చెప్పేదాకా అది విరిగిన చిప్పే.

గుల్లల బొమ్మలు చేసేవాళ్లను తర్వాత చాలామందిని చూశాను. చాలామంది ముందు ఏ బొమ్మ చెయ్యాలో అనుకుని దానికి తగిన గుల్లలు వెతుకుతారు. అత్త దగ్గర మొహం ముందు దొరకాలి. ఒళ్లు, చేతులు, చీర, వృత్తి అన్నీ ఆ మొహాన్ని బట్టే వచ్చేవి. ఆ బొమ్మలు బతికున్నట్టు కనపడ్డానికి కారణం ఇదేనని నా నమ్మకం.

*

ఒడ్డుకు వెళ్లడానికి కూడా ఒక లెక్క ఉండేది. పౌర్ణమికీ అమావాస్యకీ ఆటు బాగా వెనక్కి పోతుంది కాబట్టి ఆ తెల్లవారుజామున లేపేది. వాననెలలు వెళ్లాక, సముద్రం కాస్త నెమ్మదించాక, సంక్రాంతి ముందు రోజుల్లో సరుకు ఎక్కువ. తడి ఇసుక మీద సన్న చిప్పలు, అల వెనక్కి పోగానే నిట్టనిలువుగా ఇసుకలోకి దిగిపోయేవి. బతికున్న వాటిని ముట్టుకోనిచ్చేది కాదు. శంఖం దొరికితే వెంటనే సంచిలో వెయ్యకూడదు. ఇసుక మీద పెట్టి కాసేపు ఆగాలి. సన్యాసి పీత ఉంటే కాళ్లు బయటపెట్టి నడక మొదలుపెడుతుంది. “లోపల మనుషులుంటే ఆ ఇల్లు మంది కాదు అల్లుడూ. ఖాళీ చేసినాక చూసుకుందాం” అనేది. వన్యప్రాణుల సంరక్షణ చట్టం కిందికి కొన్ని రకాల శంఖాల్నీ గవ్వల్నీ తెచ్చింది 2001లో. అంతకు ఎంతో ముందే మా అత్తకు ఆ చట్టం ఉంది.

గుల్లలొక్కటే ఏరేవాళ్లం కాదు. సరుగుడు కాయలు, తెగిన వలల బెండ్లు, అలల రాపిడికి అంచులు అరిగి మసకబారిన సీసా పెంకులు, పీతలు విడిచిన డొప్పలు. సముద్రపు నురుగు అని తెల్లటి బిళ్లలు కొట్టుకొస్తాయి, అది ఒక రకం సముద్రజీవి ఒంట్లోని ఎముక. గోటితో గీసినా గీత పడేంత మెత్తన. దాన్ని చెక్కి బొమ్మలకు పాదాలు, పీటలు చేసేది. ఇసుక దిబ్బల మీద ఊదాపూల బలబందు తీగ మధ్య రావణాసురుడి మీసాలు పెరిగేవి. ఆ ముళ్ల బంతులు గాలికి ఒడ్డంతా దొర్లుతుంటే వెంటపడి పట్టుకోవడం నా పని. పోలీసులకూ మోతుబరులకూ మీసాలు అవే.

చిల్లు చిప్పల సంగతి చెప్పాలి. కొన్ని చిప్పలకు పైభాగాన, బర్మాతో పెట్టినట్టు, అంచులు నున్నగా ఉండే గుండ్రటి చిల్లు ఉంటుంది. సముద్రమే దారం ఎక్కించుకోమని పెట్టిందని అత్త అనేది. వాటిని మాలలకూ, బొమ్మల ముక్కుపుడకల చోటుకూ దాచేది. అది ఒక మాంసాహారి నత్త పని అని చాలా ఏళ్ల తర్వాత చదివాను. చిప్పను పట్టుకుని, పుల్లటి రసం వదులుతూ, నాలుకతో గీకి గీకి తొలిచి లోపలిదాన్ని తింటుందట. అత్తకు చెబితే చాలాసేపు ఆ చిల్లును వేలితో తడుముతూ కూచుంది. “ఎంత ఓపికో దానికి” అంది.

*

ఇంటికి తెచ్చాక తొందరపడకూడదు. వేపచెట్టు కింద గుంట తీసి ఇసుకలో పూడ్చిపెడితే మిగిలిన మాంసం చీమలే శుభ్రం చేస్తాయి. నేను చెప్పిన వాసన అక్కడిదే. తర్వాత మంచినీళ్లలో నానబెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. ఉప్పు పూర్తిగా పోకపోతే వానాకాలంలో గుల్ల చెమర్చి, అతుకు ఊడుతుంది. పైపైన కడిగి అతికించి, బొమ్మ చెయ్యి ఊడిందని బాధపడేవాళ్లకు అత్త చెప్పే మొదటి మాట ఇదే. ఎండలో ఆరాక చేతికి కాస్త కొబ్బరినూనె రాసుకుని తుడిస్తే దాగిన రంగులన్నీ పైకి తేలేవి.

జిగురు కోసం పడవలు బాగుచేసే చోటికి పోయేవాళ్లం. పడవ సందుల్లో పూయడానికి గుగ్గిలం నూనెలో కాచేవాళ్లు. అడుగున మిగిలింది కొబ్బరి చిప్పలో పట్టుకుని పరుగెత్తుకు రావాలి, గట్టిపడేలోగా. ఫెవికాల్ తర్వాత వచ్చింది, రెండు ట్యూబులు కలిపే అరల్డైట్ ఇంకా తర్వాత. అవి వచ్చాక పని సులువైందని అత్త సంతోషపడేది. నాకు మాత్రం గుగ్గిలం పొగ లేకపోతే బొమ్మ సగమే అయినట్టుండేది. అతికించినదాన్ని కదలకుండా ఇసుక పళ్లెంలో గుచ్చి, దాని మీద మామ తువ్వాలు కప్పి, రాత్రంతా వదిలేసేది.

హరిదాసు బొమ్మ చేసిన రోజు బాగా గుర్తు. గోధుమరంగు మచ్చల తెల్ల శంఖం ఒకటి దొరికింది. నోటి దగ్గర పెద్ద పెచ్చు ఊడిపోయింది. నిలబెడితే ముందుకు వాలిపోతోంది. నేను పడెయ్యబోయాను. అత్త ఆపి, కింద అరగదీసిన చింతగింజ పెట్టి చూసింది. వాలింది గానీ పడలేదు. “పిలకాయలు బియ్యం పోస్తామని వస్తే హరిదాసు ఎట్టా వంగుతాడు? అట్టా వంగుండాడు చూడు” అంది. ఇక అంతే. గుండీ అంత నున్నటి గుల్ల తలైంది. నోరు పైకి తిరిగిన చిన్న నత్తగుల్ల నెత్తిమీద అక్షయపాత్ర అయింది. స్క్రూ మరలు తిరిగినట్టుండే పొడవాటి గుల్ల తంబుర. రెండు పిల్ల చిప్పలు చిడతలు. పాత్రలో నాలుగు నూకగింజలు కూడా వేసింది. నామం దిద్దడానికి అగ్గిపుల్ల కొస నమిలి కుంచె చేసుకుంది.

పెదవులకు మాత్రం అంగడి రంగు వాడేది కాదు. వేలి కొసన చిటికెడు పసుపు, దానికి తడి సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది. పారాణి చేసే పద్ధతే. బట్టీలో కాలిపోయిన గుల్లల సున్నమే, కాలకుండా బయటపడ్డ గుల్లలకు నవ్వు అయ్యేది. కొన్నేళ్లకు ఆ ఎరుపు కాస్త ఇటుకరంగులోకి తిరుగుతుంది.

*

సంక్రాంతికి అత్త ఇంట్లో బొమ్మల కొలువు. పైమెట్టు మీద కొండపల్లి దశావతారాలు, అవి మా జేజి కాలంవి. కింద మెట్లన్నీ గుల్లల జనం. ఇసుక పోసి, సముద్రం కోసం నీలం చీర పరిచి, ఒడ్డున ఒక పాళెమే పెట్టేది. వల అల్లే తాత, గంగిరెద్దు, బెత్తం పట్టిన మామ, కాటాతో మామిడికాయల వ్యాపారి. గంగిరెద్దు కళ్లు గురివింద గింజలు. పేరంటానికి పిలిచిన వాళ్లు చూసి వెళ్లిపోయేవాళ్లు కాదు, అక్కడే కూచుని ఎవరు ఎవరో పోల్చుకునేవాళ్లు.

పట్టపుపాళెం నుంచి రోజూ మాకు చేపలు తెచ్చే అవ్వ ఒకసారి వచ్చింది. గుమ్మం బయటే నిలబడితే అత్త చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కొలువు ముందు కూచోబెట్టింది. రెండో మెట్టు మీద ఒక బొమ్మ ఉంది. గాళ్లుగాళ్లుగా ఉండే చిప్ప కుచ్చిళ్లు, నెత్తిన డొప్ప గంప, నడుము ఒక పక్కకు విరిగినట్టుండి, గడ్డం పైకెత్తి, బేరమాడ్డానికి సిద్ధంగా. అవ్వ కాసేపు తేరిపార చూసింది.

“ఇది నేనే గదమ్మా.”

“ఇంకెవురనుకున్నావే?”

“మరి గంపలో చేపలేవీ?”

“అమ్మేసినావు గదా. ఇంటికి పోతుండావు.”

అవ్వ పకపకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తన బొమ్మ ఎవరైనా చేస్తారని ఆవిడెప్పుడూ అనుకుని ఉండదు. పండగ అయ్యాక ఆ బొమ్మను అత్త ఆవిడకే ఇచ్చేసింది.

రామేశ్వరం యాత్రకు పోయిన బంధువులు ఒకసారి అక్కణ్ణించి గుల్లల బొమ్మల జంట తెచ్చారు. నీటుగా ఉన్నాయి, ప్లాస్టిక్ కళ్లు కదులుతున్నాయి. అత్త మెచ్చుకుని అలమారలో పెట్టింది. వాళ్లు వెళ్లాక మళ్లీ తీసి చూస్తూ, “పనివాడు మంచోడే. రోజుకు ఎన్ని చెయ్యాల్నో పాపం, ఒక్కరి మొహమూ చూసే తీరిక లేదు” అంది.

*

1989 నవంబరులో కావలి తుపాను. అది థాయిలాండ్ దగ్గర పుట్టి, అండమాన్ సముద్రం మీదుగా బంగాళాఖాతం మొత్తం దాటి వచ్చి కావలి దగ్గర తీరాన్ని తాకింది. అత్త వాళ్లు ముందే బడి భవనంలోకి మారారు. ఇంటి పెంకులన్నీ ఎగిరిపోయాయి, వేపచెట్టు కూలింది. బొమ్మల పెట్టె తడిసి, చాలా అతుకులు విడిపోయాయి. నాయనతో కలిసి చూడ్డానికి వెళ్లినప్పుడు సరుగుడు తోటలు ఒకే వైపుకు పడుకుని ఉన్నాయి. ఒడ్డున అంతకుముందెప్పుడూ చూడని లోతు సముద్రపు గుల్లలు మేట వేశాయి. ఏరుకోవడానికి నేను వంగితే అత్త వద్దంది. ఆవిడ చాలా నెలలు ఒడ్డుకు పోలేదు. తడిసిన బొమ్మల ముక్కల్ని మాత్రం కడిగి, ఎండబెట్టి, డబ్బాల్లో వేసి పెట్టింది. తర్వాతి సంక్రాంతికి అవే తలలు వేరే ఒళ్ల మీద తిరిగొచ్చాయి.

మామ రిటైరయ్యాక నెల్లూరు వచ్చేశారు. సిమెంటు ఇళ్లూ, డబ్బా రంగులూ వచ్చాక సున్నపు బట్టీ అప్పటికే మూతపడింది. 2004 డిసెంబరు సునామీకి మన తీరంలో కూడా మనుషులు పోయారు. ఆ తర్వాత పాళెం వాళ్లు చాలామంది వెనక కట్టిన కాలనీకి మారారు. 2022 జూలైలో రామాయపట్నం ఓడరేవుకు శంకుస్థాపన జరిగింది. ఒకసారి అటు పోతే, టిప్పర్లు తిరిగే రోడ్డు మీద మా సైకిలు దారి ఏదో నాకు అంతుపట్టలేదు.

నెల్లూరు ఇంట్లో అత్తకు చూపు తగ్గింది. అయినా బాల్కనీలో ఇసుక పళ్లెం ఉండేది. గుల్లను కళ్లకు దగ్గరగా పెట్టుకునేది మొదట్లో. తర్వాత అదీ మానేసి, బొటనవేలితో తడిమి చూసేది. ముక్కు ఎక్కడో, దవడ ఎక్కడో వేలికి తెలిసేది. మనవడు రోబో కావాలంటే వాడికి పీత డొప్పతో రోబో చేసి పెట్టింది. దానికీ పసుపు సున్నం పెదవులే.

ఆవిడ ఒక్క బొమ్మనూ అమ్మలేదు. పెళ్లయి వెళ్లే ఆడపిల్లలకు, బదిలీ అయి వెళ్లే అయ్యవార్లకు, పురిటికి వచ్చిన వాళ్లకు, కొలువు చూసి కదలని పిలకాయలకు ఇచ్చేసింది. మా వాళ్ల దగ్గర మిగిలినవి చాలా కొద్ది. హరిదాసు కూడా ఎవరింటికో వెళ్లిపోయాడు. ఒంగోలు, కావలి, సింగరాయకొండ, కందుకూరు వైపు ఇళ్లలో ఎక్కడైనా అటకమీదో అద్దాల బీరువాలోనో గుల్లల బొమ్మ ఉంటే ఒకసారి తిప్పి అడుగు చూడండి. అత్త చేసే ప్రతి బొమ్మ కింద, అది ఏ పక్కకు వాలుతుందో ఆ పక్కన, అరగదీసిన చింతగింజ ఒకటి ఉంటుంది. ఉంటే ఫోటో తీసి పంపండి. బొమ్మ మీ దగ్గరే ఉండనీయండి. అది ఎవరి బొమ్మో మా మరదలికీ నాకూ చాలావరకు గుర్తే, పేరూ ఊరూ చెబుతాం.